ఫ్యామిలీ గ్రూపులో "ఆర్య రక్తం, ద్రావిడ రక్తం" ఫార్వర్డ్ పడితే ఏం చెయ్యాలి

మొన్న ఆదివారం పొద్దున్నే మా పెద్ద బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పడేశారు. ఇంత పొడుగు, మధ్యలో నాలుగు జెండాలు, చివర్లో "పది మందికి పంపండి". విషయం ఏంటంటే ఆర్యులు తెల్లగా పొడుగ్గా కోటేరు ముక్కుతో ఎక్కణ్ణించో గుర్రాలెక్కి వచ్చారంట, ద్రావిడులు నల్లగా పొట్టిగా చప్పిడి ముక్కుతో ఇక్కడే ఉన్నారంట, అందుకే ఇప్పటికీ ఫలానా కులాల్లో ఆర్య రక్తం ఉందంట, తెలివితేటలు అక్కణ్ణించే వచ్చాయంట. పావుగంట తిరక్కుండా మా చిన్నాన్న కొడుకు దానికి రివర్స్ ఫార్వర్డ్ పెట్టాడు, ఆర్యులు దొంగలు, ద్రావిడ రక్తమే అసలు రక్తం అని. మధ్యాన్నానికి ముగ్గురు గ్రూపులోంచి లెఫ్ట్. మా అమ్మ మాత్రం మధ్యలో "ఇంతకీ సింహాచలం ఎన్నింటికి బయల్దేరాలి" అని వాయిస్ మెసేజ్ పెట్టింది, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

నేనేమీ హిస్టరీ లెక్చరర్ని కాదు. కానీ ఇలాంటి గొడవలు నాలుగైదు చూశాక, కొంచెం చదువుకున్నాక, నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మొదటిది సింపుల్. గ్రూపులో వెంటనే రిప్లై ఇవ్వొద్దు. నలుగురి ముందు పెద్దాయన్ని తప్పు పడితే ఆయన ఆ ఫార్వర్డ్ నమ్మకపోయినా మొండికేసి నమ్ముతాడు. పర్సనల్‌గా మెసేజ్ చెయ్యండి, లేదా సాయంత్రం టీ టైంకి ఇంటికెళ్ళండి.

రెండోదే అసలు పని. ఫార్వర్డ్‌లో ఉన్న పాత మాటని పట్టుకుని ఒక్క ప్రశ్న అడగాలి: "ఇది మొదట దేనికి పేరు?" గౌరవానికా, ఊరికా, భాషకా, లేక ఒక గుంపు తనని తాను పిలుచుకున్న పేరా? ఆ తర్వాత, అది రక్తానికి పేరుగా ఎప్పుడు మారింది, మార్చింది ఎవరు? ఈ రెండూ తేలితే తొంభై శాతం ఫార్వర్డ్‌లు అక్కడే కూలిపోతాయి.

"ఆర్య" తీసుకోండి. స్కూల్లో లీవ్ లెటర్ రాసినప్పుడు పైన ఏం రాసేవాళ్ళం? "ఆర్యా," అని కామా పెట్టి, కింద "నాకు జ్వరముగా ఉన్నందున" అని. హెడ్మాస్టారి ముక్కు కొలిచి రాశామా? సంస్కృత నాటకాల్లో భార్య భర్తని ఆర్యపుత్రా అంటుంది, అదీ మర్యాదే. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కితే సుమారు 2000 ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం కనిపిస్తుంది కదా (ఎక్కకపోతే ఈ చలికాలంలో ఎక్కండి, సముద్రం వ్యూ కోసమైనా), అక్కడ భిక్షువులు వల్లె వేసిన నాలుగు సత్యాలకి పాళీలో పేరు అరియ సచ్చాలు. ఆర్యసత్యాలు. బుద్ధుడి దారిలో నడిచినవాడు ఎవడైనా అరియుడే, వాడి తాత ఎవరని అడగరు.

అలాగని "ఆర్య అంటే సార్ అని మాత్రమే అర్థం, ఇంకేం లేదు" అని మీరు కూడా అడ్డంగా వాదించకండి, అవతలివాడు చదువుకున్నవాడైతే దొరికిపోతారు. ఋగ్వేదంలో మా యజ్ఞాలు చేసేవాళ్ళు, మా మాట మాట్లాడేవాళ్ళు అన్న అర్థంలో తమ గుంపు పేరుగా కూడా వాడుకున్నారు. ఇరాన్లో నఖ్షే రుస్తం కొండ మీద దరియస్ చక్రవర్తి శాసనంలో నేను పర్షియన్ని, ఆర్యుణ్ణి, ఆర్య వంశం వాణ్ణి అని చెక్కించుకున్నాడు. ఇరాన్ అన్న పేరే ఆ మాటలోంచి వచ్చింది. అంటే అది నిజంగా కొందరు పెట్టుకున్న పేరే, కాకపోతే హిట్లర్ జర్మనీకి దానికి ఏ సంబంధమూ లేదు.

మరి జర్మనీ దాకా ఎలా పోయింది? 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చినట్టున్నాయి అన్నాడు. ఇది భాషల సంగతి, కరెక్టే కూడా. ఆ కుటుంబానికి ఆర్య అన్న పేరు తగిలించారు. ఆ తర్వాత 1853లో గోబినో అనే ఫ్రెంచి ఆయన మనుషుల్లో ఎక్కువ తక్కువ జాతులున్నాయని పెద్ద పుస్తకం మొదలుపెట్టి ఆర్యుల్ని పైన కూర్చోబెట్టాడు. భాష కుటుంబం కాస్తా రక్త కుటుంబం అయిపోయింది. ఈ పేరుని బాగా పాపులర్ చేసిన వాళ్ళలో ఒకడైన సంస్కృత పండితుడు మాక్స్ ముల్లరే 1888కి వచ్చేసరికి తల పట్టుకున్నాడు. ఆర్య జాతి, ఆర్య రక్తం, ఆర్య కళ్ళు, ఆర్య జుట్టు అని మాట్లాడేవాడు పొడుగు తల డిక్షనరీ, గుండు తల గ్రామరు అని మాట్లాడేవాడితో సమానం అన్నాడు. బావగారికి నేను ఇదే చెప్పాను, "తెలుగు వ్యాకరణానికి బీపీ ఉందా అని అడిగినట్టుంది బావగారూ" అని. నవ్వారు. నవ్వితే సగం పని అయినట్టే.

ఇక 1933 ఏప్రిల్లో హిట్లర్ ప్రభుత్వం ఉద్యోగాల చట్టం తెచ్చింది, ఆర్యులు కానివాళ్ళని ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసెయ్యాలని. ఆర్యుడు కానివాడు ఎవడంటే అమ్మానాన్నల్లో గానీ తాత అమ్మమ్మల్లో గానీ ఒక్కరు యూదులైనా చాలు అని నాలుగు రోజుల తర్వాత రూల్ రాశారు. సరే మరి ఆ తాత యూదుడని ఎలా తెలుస్తుంది? ఆయన ఏ మతం పాటించాడు అని చూస్తారు. గమనించారా, ఇంత రక్తం రక్తం అని అరిచినవాళ్ళ చేతిలో చివరికి ఉన్నది తాతగారి మతం రికార్డు.

ఇంకో ఘోరం ఉంది, ఇది మాత్రం తప్పకుండా చెప్పండి. యూరప్‌లో రోమా అనే జనం ఉన్నారు, వాళ్ళ భాష నిజంగానే మన దేశం నుంచి వెళ్ళింది, భాషాశాస్త్రం ప్రకారం పక్కా ఇండో ఆర్యన్ భాష. నీళ్ళని పానీ అంటారు. మనిషిని మనుష్ అంటారు. ముక్కుని నఖ్ అంటారు. అంటే జర్మనీలో ఆ టైంలో ఆర్య భాష అన్న పేరు ఎవరికైనా సరిగ్గా అతుకుతుందంటే ముందు వాళ్ళకి అతకాలి. వాళ్ళని లక్షల్లో చంపింది కూడా ఆ ఆర్య జెండా కిందే. ఇది చెప్పాక మా బావగారు కాసేపు ఏం మాట్లాడలేదు, కప్పు సాసరులో పెట్టి పానీ, మనుష్ అని రెండుసార్లు తనలో తనే అనుకున్నారు.

ముక్కు సంగతికి వద్దాం. ఇది ప్రతి ఫార్వర్డ్‌లోనూ ఉంటుంది. ఋగ్వేదంలో ఆర్యులు శత్రువుల్ని చప్పిడి ముక్కోళ్ళు అన్నారు అని. ఉన్నది ఒక్క మాట, "అనాస", అది కూడా మొత్తం ఋగ్వేదంలో ఒకే ఒక్కసారి, ఐదో మండలంలో. దాన్ని అ-నాస అని విడగొడితే ముక్కు లేనివాళ్ళు, అన్-ఆస అని విడగొడితే నోరు లేనివాళ్ళు, అంటే మాట రానివాళ్ళు. వేదాలకి వ్యాఖ్యానం రాసిన మన సాయణాచార్యుడు రెండోదే రాశాడు, మన మాట రానోళ్ళు అనే అర్థంలో. పందొమ్మిదో శతాబ్దంలో కొందరు పండితులు మొదటిది పట్టుకున్నారు. సంధి విడగొట్టడంలో ఒక్క అక్షరం తేడా, దాని మీద దేశం మొత్తం ముక్కులు కొలిచేశారు. మన టెన్త్ తెలుగు మాస్టారు సంధులు సరిగ్గా విడగొట్టకపోతే ఎందుకు కొట్టేవారో ఇప్పుడు అర్థమవుతోంది.

నిజంగానే కొలిచారండి. 1901 జనాభా లెక్కల అధికారి రిస్లీ ముక్కు వెడల్పుని పొడుగుతో భాగించి వందతో గుణించి, ఆ నంబరు తగ్గే కొద్దీ కులం పెరుగుతుంది అన్నాడు. మన వైపు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని ఊరూరా తిరిగాడు, 1909లో ఏడు సంపుటాలు వేశాడు. 70 లోపు వస్తే సన్న ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, మధ్యలోవి మధ్యరకం.

దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది, పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు. రెండు కళ్ళ మధ్య ముక్కు మొదలయ్యే చోటు నుంచి కింద ముక్కు పెదవి పైకి కలిసే చోటు దాకా నిలువు కొలవండి, ముక్కుపుటాల దగ్గర అడ్డం కొలవండి, నొక్కకుండా. మా ఇంట్లో చేశాం. నాది నిలువు 4.8 సెంటీమీటర్లు, అడ్డం 4.2, అంటే 87.5. అక్కది 5.2, 3.6, అంటే 69. తమ్ముడిది 78. ఒకే అమ్మ, ఒకే నాన్న, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఒకే వార్డులో పుట్టాం, రిస్లీ లెక్కన ముగ్గురం మూడు జాతులు. నేను కొంచెం నవ్వుతూ కొలిస్తే ఇంకో మూడు పాయింట్లు పెరిగింది. ఈ ఒక్క పని గ్రూపులో ఫోటో పెట్టి చేస్తే ఎవరూ ఏడవరు, అందరూ స్కేళ్ళు తీస్తారు.

"ద్రావిడ" కూడా ఇంతే. మా చిన్నాన్న కొడుక్కి చెప్పింది ఇది, వాడిది రివర్స్ జబ్బు కాబట్టి. ఈ మాట మొదట నేలకి పేరు, దక్షిణాది, ముఖ్యంగా తమిళదేశం. పాతకాలం బ్రాహ్మణుల పంచద్రావిడ లిస్టులో ఆంధ్ర, ద్రావిడ, కర్ణాటతో పాటు మహారాష్ట్ర, గుజరాత్ కూడా ఉన్నాయి! మన దగ్గర ఆరామ ద్రావిడులు అని బ్రాహ్మణ శాఖ ఉంది, ద్రావిడ అని ఇంటిపేరే ఉన్నవాళ్ళున్నారు. ఫార్వర్డ్ ప్రకారం వాళ్ళది ఏ రక్తమో మరి, పెళ్ళి శుభలేఖ చూసి చెప్పాలి.

భాషల కుటుంబానికి ఆ పేరు పెట్టింది కాల్డ్‌వెల్ అనే మిషనరీ, 1856లో. పాతకాలం సంస్కృత పండితుడు కుమారిల భట్టు ఎప్పుడో వాడిన ఆంధ్ర ద్రావిడ భాష అన్న మాటలోంచి తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం, సంస్కృతంలోంచి పుట్టినవి కావు అని చూపించాడు. అది ఎక్కడ అచ్చయిందో తెలుసా, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటకి నోటుగా. ఇదంతా భాష గురించే, క్రియలు ఎలా మారతాయి, అంకెలు ఎలా ఉంటాయి అని. పాకిస్తాన్‌లో బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే భాష ఉంది, ద్రావిడ భాషే, ఒకటి రెండు మూడుకి అసిట్, ఇరట్, ముసిట్ అంటారు. ఆ మాట్లాడేవాళ్ళు చూడ్డానికి పక్కింటి బలూచీల్లానే ఉంటారు, నాలా ఉండరు.

ఇంత దూరం ఎందుకు, కిరండూల్ ప్యాసింజరెక్కి అరకు వెళ్ళండి. సంతలో నిలబడితే చాలు. కొండదొరల కూబి భాష, కువి భాష, ఇవి తెలుగుకి సొంత అక్కచెల్లెళ్ళు, తమిళం కంటే దగ్గర చుట్టాలు, గోండి కూడా అంతే (గోండీలో ఉండి, రండ్, ముండ్, నాలుంగ్ అని లెక్కపెడతారు, విని చూడండి). అదే సంతలో ఒరియాకి దగ్గరగా ఉండే ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది, అది ఆర్య భాషా కుటుంబం. ఇక గదబలు ఉన్నారు చూశారూ, వాళ్ళే నాకు ఇష్టమైన ఉదాహరణ. గదబ అన్న పేరు ఒకటే, కానీ కొందరి భాష గుతోబ్, అది ముండా కుటుంబం (ఆర్యా కాదు, ద్రావిడా కాదు, మూడో కుటుంబం), కొందరి భాష ఒల్లారి, అది ద్రావిడ కుటుంబం. ఒకే పేరు, ఒకే కొండలు, థింసా ఆడితే ఒకే వరస. ఇప్పుడు రక్తాన్ని భాషని బట్టి చెప్పేవాడెవడైనా ఉంటే వాణ్ణి అరకు సంతలో నిలబెట్టి చెప్పమనండి.

ఇంకొంతమంది ఐతరేయ బ్రాహ్మణం అనే వేదకాలం గ్రంథాన్ని కోట్ చేస్తారు, ఆంధ్రులు విశ్వామిత్రుడి సంతానం కాబట్టి ఆర్యులే అని. సగం వాక్యం కోట్ చేసినప్పుడు మిగతా సగం అడగండి. అక్కడ ఆంధ్రుల పక్కనే పుండ్రులు, శబరులు, పుళిందులు అని వరసగా ఉంది, పైగా తండ్రి మాట వినక శాపం తిని పొలిమేరలకి పోయినవాళ్ళుగా ఉంది. శబరులంటే, మన సవరల్ని ఆ పేరుతోనే గుర్తుపడతాం, గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో చాలా ఏళ్ళు పెట్టి వ్యాకరణం, నిఘంటువు రాసింది వాళ్ళ భాషకే. అంటే ఆ వాక్యం నమ్మితే బావగారి ఆంధ్ర రక్తం, సీతంపేట కొండ మీద సవర రక్తం అన్నదమ్ములు. నమ్మకపోతే అసలు కోట్ చెయ్యకూడదు. రెండూ కుదరవు.

అమెరికాలో ఉన్నవాళ్ళది వేరే గోల. మా మేనల్లుడు ఒకడు "మామయ్యా, మనం టెక్నికల్‌గా కాకేసియన్స్‌మే" అన్నాడు. వాడికి 1923 కేసు చెప్పాను. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, నేను ఆర్యుణ్ణి కాబట్టి కాకేసియన్ని, కాబట్టి తెల్లవాణ్ణి, పౌరసత్వం ఇవ్వండి అన్నాడు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ఏమంది? సైన్సు పుస్తకం ఏమన్నా మాకనవసరం, మామూలు మనిషి తెల్లవాడంటే ఎవరనుకుంటాడో వాడే తెల్లవాడు, నువ్వు కాదు అంది. అంతకు ముందు పౌరసత్వం వచ్చిన మనవాళ్ళవి కూడా చాలామందివి పీకేశారు. ఈ మాట పట్టుకుని పై మెట్టెక్కుదామనుకుంటే, మెట్లు కట్టినవాడు ఎప్పుడైనా లాగేస్తాడు.

డీఎన్ఏ అంటారు ఇప్పుడు. దీనికి కంగారు పడక్కర్లేదు. వలసలు జరగలేదు అని మాత్రం వాదించకండి, జరిగాయి, చాలాసార్లు, చాలా వైపుల నుంచి, దాని మీద మంచి పరిశోధన నడుస్తోంది. 2009లో హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్ళతో కలిసి చేసిన దాంట్లో తేలింది ఏంటంటే ఇండియాలో దాదాపు అన్ని గుంపులూ రెండు పాత జనాల మిశ్రమమే, పాళ్ళు తేడా అంతే. ఆ రెండు జనాలకి వాళ్ళు ఆర్య, ద్రావిడ అని పేర్లు పెట్టలేదు, పూర్వ ఉత్తర భారతీయులు, పూర్వ దక్షిణ భారతీయులు అని పెట్టారు. ఫార్వర్డ్ రాసినవాడు ఆ పేర్లు తీసేసి ఆర్య, ద్రావిడ అని మళ్ళీ అతికిస్తాడు. అక్కడ పట్టుకోండి.

గొడవ పడే ఇద్దరికీ కలిపి చెప్పాల్సింది ఇంకోటి. ఇద్దరూ ఒకే కథ నమ్ముతున్నారు, హీరో విలన్ మాత్రమే తారుమారు. అణిచివేతకి జవాబుగా ఫూలే గారు 1873లో అదే కథని తిప్పి కొట్టారు, దానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. అంబేద్కర్ గారు మాత్రం 1946లో కథనే కొట్టేశారు, వేదాలకి ఆర్య జాతి అనేదే తెలీదు అని. మా చిన్నాన్న కొడుకు డీపీలో అంబేద్కర్ ఫోటో ఉంటుంది కాబట్టి వాడికి ఇది బాగా పనిచేసింది.

"పోన్లే, సరదా ఫార్వర్డ్, దీనికింత రాద్ధాంతమా" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఆఫ్రికాలో రువాండా దేశం సంగతి చెప్పండి, అక్కడ హుటూలు, టుట్సీలు అని రెండు గుంపులు. బైబిల్లో నోవా కొడుకు హాము పేరు మీద హామిటిక్ జాతి అని ఒకటి అల్లారు యూరప్ వాళ్ళు, టుట్సీలు ఆ జాతి, ఇథియోపియా వైపు నుంచి వచ్చిన పైజాతి అన్నారు. హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకే భాష. 1930ల్లో బెల్జియం వాళ్ళు గుర్తింపు కార్డుల మీద జాతి రాయించారు. 1992లో ఒక హుటూ నాయకుడు సభలో టుట్సీలని ఉద్దేశించి, మిమ్మల్ని నదిలో పడేసి ఇథియోపియా పంపిస్తాం అన్నాడు. 1994లో నదుల్లో టుట్సీల శవాలు నిజంగానే తేలాయి, చంపినవాళ్ళు రోడ్ల మీద ఆపి చూసింది ఆ కార్డులే.

మా ఇంట్లో కూడా ఒక మాట ఉంది. మా అమ్మమ్మ విశాఖలో బర్మా క్యాంపులో ఉండేది, అరవైల్లో రంగూన్ నుంచి ఓడలో తిరిగొచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్న రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. అక్కడ తెలుగు వాళ్ళని కొరంగీలు అనేవారు. కోరంగి అంటే ఏంటి, కాకినాడ పక్కన రేవు, ఓడెక్కిన ఊరు. ఊరి పేరు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత గొడవలు రేగినప్పుడు ఆ ఊరి పేరు అరుస్తూనే జనం వెంటబడ్డారని, వాళ్ళ నాన్న ఒక గోదాంలో గోనె సంచుల కింద రెండ్రోజులు దాక్కున్నాడని అమ్మమ్మ చెప్పేది. మలేసియాలో ఇప్పటికీ మనవాళ్ళని తిట్టాలంటే కెలింగ్ అంటారు, అది మన కళింగే. మనం నిలబడ్డ ఈ నేల పేరు. అమ్మమ్మ చివరి రోజుల వరకూ ఎవరైనా కోరంగి మడ అడవులు టూర్ వెళ్దాం అంటే మొహం తిప్పుకునేది. నేను బావగారికి టీ తాగుతూ చివర్న చెప్పింది ఇదే. మీరూ మీ ఇంట్లో ఇలాంటిది ఏదో ఒకటి వెతకండి, బయటి ఊళ్ళో బతికిన ప్రతి కుటుంబానికీ ఉంటుంది. దరియస్ శాసనం కంటే అదే ముందు తగుల్తుంది.

ఇక రిప్లై ఎలా పెట్టాలి అంటే, నేను పెట్టింది ఇంతే: "బావగారూ, ఇందులో ఆర్య అన్నది భాష గురించా, మనిషి గురించా? భాష అయితే రక్తం ఎక్కణ్ణించి వచ్చింది? మనిషి అయితే ఆ మాట మొదట అలా వాడింది ఎవరు, ఎప్పుడు?" లింకులు పెట్టలేదు, మీమ్ పెట్టలేదు, వేళాకోళం ఎమోజీ అసలు పెట్టలేదు. ఒక్కసారికి ఒక్క మాటే తీసుకోండి, ఆర్య గురించి మాట్లాడుతుంటే వాళ్ళు సింధు నాగరికత మీదకి, అక్కణ్ణించి రిజర్వేషన్ల మీదకి దూకుతారు, మీరు దూకొద్దు. ఇదే ప్రశ్న మళ్ళీ అడగండి. కొత్తగా నరికేస్తాం తరిమేస్తాం లాంటివి వస్తే మాత్రం టీ కబుర్లు కుదరవు, అడ్మిన్‌కి చెప్పి తీయించండి, అడ్మినే పెడితే మీరే బయటికి రండి.

బావగారు ఆ ఫార్వర్డ్ డిలీట్ చెయ్యలేదు, అది అబద్ధం చెప్పను. కానీ బుధవారం రాత్రి పదకొండింటికి నాకు పర్సనల్‌గా మెసేజ్ వచ్చింది: "స్కేలుతో కొలిస్తే 91 వస్తోంది. టేపుతో కొలవాలా?"